గాజు గొట్టాల్లో బాయికాడి బత్తాయి

ఈ మధ్య మా కాలనీ పిల్ల ఒకతె, టిష్యూ కల్చర్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని స్వీటు డబ్బా పట్టుకొని వచ్చింది. "అమ్మమ్మా, నువ్వు గూడ గిదే పని చేసినవట గద! ఎట్లుంటదో జర చెప్పు," అంది. చెబుతూ కూర్చున్నాను. స్వీట్లు అయిపోయాయి గానీ సంగతులు అయిపోలేదు. మిగిలినవి ఇక్కడ రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు, మీకెందుకు?

నా పేరు ఎస్తేరు. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నా పీయూసీ అయ్యాక మా తమ్ముడు దానం చదువు కోసం, నా ఉద్యోగం కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. అప్పట్లో ఎల్.బి. నగర్ దాటాక విజయవాడ రోడ్డు పక్కన అన్నీ ద్రాక్షతోటలు. వాటి నడుమ ఒక సర్కారు పండ్లతోట, ఆ తోటలో రెండు గదుల ప్రయోగశాల. అందులో నేను సహాయకురాలిని. ఇప్పుడు అక్కడ నిలబడి ఎంత వెతికినా ద్రాక్షతీగ కాదు గదా, గడ్డిపోచ కూడా కనిపించదు.

బుడ్లు కడిగే చదువు

టిష్యూ కల్చర్ అంటే ఏమిటని అడిగితే ఇప్పటి పిల్లలు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు అప్పజెబుతారు. మా నాయనకు నేను చెప్పింది ఇది: చెట్టులో నుంచి చిన్న ముక్క, ఒక్కోసారి ఆవగింజంత ముక్క, కోసి గాజు గొట్టంలో పెడతాం. దానికి వేరు లేదు గనుక తిండి మనమే పెట్టాలి. చక్కెర, కొన్ని లవణాలు, కొబ్బరినీళ్ళు కలిపి, అగరు వేసి కాస్తే జెల్లీలా గడ్డకడుతుంది. అగరంటే మిఠాయిల్లో వేసే చైనా గ్రాసే. ఆ జెల్లీ మీద కూర్చుని ముక్క తింటుంది. మొదట ఆకూ కొమ్మా లేని ముద్దగా ఉబ్బుతుంది. మన అదృష్టం బాగుంటే ఆ ముద్దలో నుంచే బుల్లి మొక్కలు లేస్తాయి. నెల తిరిగేసరికి తిండి అయిపోతుంది, జెల్లీ ఎండుతుంది. అప్పుడు ముద్దను ముక్కలు చేసి కొత్త గొట్టాల్లోకి మార్చాలి. మార్చకపోతే చస్తుంది.

నాయన అంతా విని, "అంటే పసిపిల్లను సాకినట్టే గద బిడ్డా," అన్నాడు. ఆయన బడికి పోలేదు. కానీ ఆ తర్వాత నేను విన్న ఏ ఉపన్యాసంలోనూ ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

చిక్కల్లా ఏమిటంటే, మనం మొక్కకు పెట్టే తిండి బూజుకు కూడా ఇష్టమే. మొక్క నెలలో తినేది బూజు మూడు రోజుల్లో తినేస్తుంది. అందుకని గొట్టాలు కడగాలి, ఆరబెట్టాలి, దూది బిరడాలు చుట్టాలి, ఆటోక్లేవ్‌లో ఆవిరికి ఉడికించాలి. ముందు అద్దం, చేతులు దూర్చడానికి రెండు కంతలు ఉన్న ఒక చెక్కపెట్టె ఉండేది. దాన్ని స్పిరిటుతో తుడిచి, లోపల దీపం వెలిగించి, పట్టకారును మంటలో కాల్చి, ఊపిరి బిగబట్టి ముక్కను మార్చాలి. పనిలో ముప్పాతిక వంతు అంట్లు తోమడమే. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను మొదటి నెల మైక్రోస్కోపు చూపించలేదు, బ్రష్షు ఇచ్చాను. నన్ను తిట్టుకున్నారని తెలుసు. నేనూ మా సారును అట్లాగే తిట్టుకున్నాను.

సారు పేరు రామశేషయ్య గారు. తెనాలి వైపు మనిషి. పొట్టిగా ఉండేవారు, గుండ్రటి కళ్ళద్దాలు, ఎప్పుడూ ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా. పెట్టె ముందు కూర్చుంటే ఎవరూ మాట్లాడకూడదు. కానీ తాను మాత్రం నోటికి కట్టుకున్న గుడ్డ వెనకాల ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూనే ఉండేవారు. పొద్దున రాగానే అందరి గోళ్ళూ చూసేవారు. చిన్నపిల్లలనా, పెద్దవాళ్ళనా అన్న లెక్క లేదు.

"ఏమ్మా ఎస్తేరూ, ఆ చిటికెనవేలి గోట్లో ఏవిటది? మీ తోటంతా అక్కడే ఉన్నట్టుంది," అనేవారు.

మొదటి ఆరు నెలలు ఆయనంటే నాకు పడేది కాదు. తర్వాత ఆయనకు ఒంట్లో బాగుండకపోతే నాకు తిండి సయించేది కాదు. మధ్యలో ఏం జరిగిందో రెండు ముక్కలు చెబుతాను.

పెట్టెకు బొట్టు

మా అటెండరు యాదయ్య కర్మన్‌ఘాట్ వాడు. నాయన ఈడు మనిషి, ఆంజనేయస్వామి భక్తుడు. మా గొట్టాల్లోకి కొబ్బరినీళ్ళు తెచ్చేది ఆయనే. మంగళవారం, శనివారం కర్మన్‌ఘాట్ గుడిలో టెంకాయలు కొట్టినప్పుడు నీళ్ళన్నీ కాలువ పాలవుతాయి. యాదయ్య పూజారిని బతిమాలి, కడిగిన స్టీలు క్యాను పట్టుకొని అక్కడ కూర్చునేవాడు. ఆ నీళ్ళను మేం కాచి, విరిగిన తెట్టు వడగట్టి వాడేవాళ్ళం. అట్లా హనుమంతుడి టెంకాయ నీళ్ళతో, ఒక క్రైస్తవుల పిల్ల చేతి మీదుగా, మా గొట్టాల్లో మొక్కలు పెరిగాయి. ఎవరికీ అభ్యంతరం లేదు. మొక్కలకు అసలే లేదు.

నేను చేరిన ఏడాది దసరాకు ఆయుధపూజ చేశారు. సెలవుకు ముందు రోజు సారు త్వరగా ఇంటికి వెళ్ళారు. యాదయ్య గదంతా కడిగాడు. పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. పట్టకార్లను, చాకులను వరసగా పేర్చి వాటికీ బొట్లు పెట్టాడు. సాంబ్రాణి పొగ వేసి, చివరికి పెట్టె ముందే టెంకాయ కొట్టాడు. నేను పక్కన నిలబడి చూశాను, పైగా దండకు దారం అందించాను. కొబ్బరినీళ్ళు పెట్టె సందుల్లోకి దిగాయి. పూల పుప్పొడి మూలమూలలా రాలింది. పైపైన తుడిచి ఇంటికి పోయాం.

సెలవులయ్యాక అదే పెట్టెలో నెల మార్పిడి చేశాం. వారం తిరిగేసరికి గొట్టాలన్నీ పూశాయి. నలుపు, పచ్చ, గులాబీ, పసుపు, ఎన్ని రంగుల బూజులో! బతుకమ్మ పేర్చినట్టుంది. నాకు ఏడుపొచ్చింది. యాదయ్య చేతులు కట్టుకొని మూలన నిలబడ్డాడు. "తప్పయింది సార్. మంచి జరగాలనే చేసిన," అన్నాడు.

సారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. "మంచి జరగాలనే చేశావు యాదయ్యా, అందులో అబద్ధమేముంది. బూజుకు జరిగింది," అన్నారు. తర్వాత నవ్వేశారు. అదృష్టం బాగుండి ప్రతి రకానిదీ ఒకటి రెండు పాత గొట్టాలు మార్చకుండా ఉంచాం, వాటితో మళ్ళీ మొదలుపెట్టాం. మరుసటి దసరా నుంచి పూజ వరండాలో, గది తలుపుకు జరిగేది. దండ వేసేది సారే. అందరూ దండం పెట్టుకున్నాక కాళ్ళూ చేతులూ కడుక్కొని లోపలికి వెళ్ళేవాళ్ళం. పై అధికారి తన కోపాన్ని ఎట్లా దాచుకోవాలో నేను నేర్చుకున్నది ఆ రోజే. నాకు అంత బాగా వంటబట్టలేదని నా దగ్గర పనిచేసినవాళ్ళు చెబుతారు, అది వేరే సంగతి.

బాయికాడి చెట్టు

మా నాయన ఊళ్ళో పటేలు గారి బత్తాయి తోటకు కావలి. నీళ్ళు కట్టడం, పాదులు తవ్వడం, కాయ దింపడం అన్నీ ఆయనే. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆ తోటకు తెగులు పట్టింది. ఆకులు పసుపెక్కి, కొమ్మలు కొస నుంచి ఎండుకుంటూ వచ్చి, మూడు నాలుగేళ్ళలో చెట్టు కట్టె అయిపోయేది. కొత్త చెట్లు అంటు కట్టినా అంతే. తల్లి కొమ్మలో ఉన్న రోగం అంటుతో పాటు పిల్లకూ వచ్చేది.

బావి పక్కన ఒక్క చెట్టు మాత్రం మిగతావాటిలా ఎండలేదు. దాని కాయ పలచటి తోలు, నిండా రసం. నాయన ఆ చెట్టును మనిషిని పిలిచినట్టు పిలిచేవాడు. "బాయికాడిది ఈయేడు గూడ కాసింది బిడ్డా," అని ఉత్తరం రాయించేవాడు. మా క్షేమం అడగడం ఆ తర్వాతి వాక్యంలో.

ఆ సంగతి ఒకసారి మాటల్లో చెబితే సారు కూర్చున్నవారు లేచి నిలబడ్డారు. ఆయన అంతకుముందు నుంచే బత్తాయి మీద పని చేస్తున్నారు. బత్తాయి గింజలో ఒక వింత ఉంది. గింజ లోపలి పొర తల్లి ఒంట్లోని భాగమే. ఆ పొరను లేత కాయలో ఉండగానే తీసి గొట్టంలో సాకితే అందులో నుంచి మొక్కలు లేస్తాయి. అవి అచ్చంగా తల్లి లాంటివే, కానీ అంటుతో వచ్చే రోగం సాధారణంగా వాటికి రాదు. బాయికాడి చెట్టులో కూడా రోగం దాగి ఉండవచ్చునని, అది ఓర్చుకుంటోందేమోనని సారు అనుమానం. అయినా దాని గుణం కావాలి, రోగం వద్దు.

ఇద్దరం బస్సెక్కి మా ఊరు వెళ్ళాం. సారు చెట్టు చుట్టూ తిరిగి, లేత కాయలు కోసి తడిగుడ్డలో చుట్టుకున్నారు. మా అమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడితే మాట్లాడకుండా మూడు రొట్టెలు తిన్నారు.

నాయన అడిగాడు: "సార్, గా గొట్టంల చెట్టు మొలుస్తదంటున్రు. కాయ గూడ గాస్తదా?"

"కాస్తుందండీ. కానీ నాకూ మీకూ ఓపిక ఉండాలి. ఏడెనిమిదేళ్ళు పట్టొచ్చు."

"ఓపికకేం సార్. తోటోనికి గదే గద ఆస్తి."

ఆ కాయల్లో నుంచి తీసిన పొరల్లో చాలావరకు నల్లబడి చచ్చాయి. రెండు మాత్రం ముద్దకట్టాయి. మీగడ రంగు ముద్ద, దాని మీద ఆకుపచ్చ పొక్కులు. ఆ పొక్కులే మొక్కలు. మార్చుకుంటూ, పెంచుకుంటూ వచ్చాం. పంతొమ్మిది వందల అరవై తొమ్మిది వచ్చేసరికి బాయికాడి చెట్టువి మా దగ్గర నలభై గొట్టాలున్నాయి.

తాళంచెవి

ఆ ఏడు ఎట్లా గడిచిందో నా వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు. కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు ఒక రోజు తిరిగితే నాలుగు రోజులు తిరగలేదు. తెలంగాణ ఉద్యోగాలు ముల్కీ సర్టిఫికెట్ ఉన్న ఇక్కడివాళ్ళకే రావాలని పిల్లలు రోడ్డెక్కారు, తర్వాత ఉద్యోగులూ దిగారు. నేనూ సమ్మెలో ఉన్నాను. ఆ కోరిక తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ ఆంధ్ర నుంచి వచ్చిన మా సారు మాత్రం ఇక్కడి నుంచి వెళ్ళిపోవాల్సిన మనిషిగా నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఈ రెండూ ఒక్క మనసులో ఎట్లా ఇముడుతాయని అడిగేవాళ్ళు ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి చూడవలసింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం సారు మా గదికి నడిచి వచ్చారు. ముందు రోజు వాళ్ళ ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. భార్యాపిల్లలను తీసుకొని విజయవాడ వెళుతున్నానన్నారు. ప్రయోగశాల తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"సమ్మె మానమని నేను చెప్పనమ్మా. అది మీ ఇష్టం. నెలాఖరుకు మాత్రం గొట్టాలు మార్చాలి. ఈలోపు రోజూ ఒకసారి వెళ్ళి తడికెలు తడిపి రాగలవా?"

ప్రయోగశాల గదికి ఏసీ లేదు. కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళం. వాటితోనే గది చల్లగా, చెమ్మగా ఉండేది. అది లేకపోతే మే నెల ఎండకు గొట్టాల్లో జెల్లీ ఇట్టే ఎండుతుంది.

"పోతా సార్. మీరు పరేషాన్ కాకున్రి," అన్నాను.

రెండు రోజులు వెళ్ళాను. మూడో రోజు ఊరేగింపులో దానం తల పగిలింది. లాఠీ దెబ్బ. దవాఖానలో తొమ్మిది కుట్లు వేశారు. తల గొరిగి, కట్టు కట్టి, వాడిని ఇంటికి తెచ్చుకునేసరికి నాలో ఏదో విరిగింది. వాడికి జ్వరం, కళ్ళు తెరిస్తే వాంతులు. మొదటి వారం వాడి పక్క నుంచి లేవలేదన్నది నిజం. ఆ తర్వాత వాడు లేచి కూర్చున్నాడు, జావ తాగాడు. నేను అప్పుడు కూడా పోలేదు. తాళంచెవి మేకుకు వేలాడుతూ కనిపించేది. చూసి మొహం తిప్పుకునేదాన్ని. "వాళ్ళ గొట్టాలు వాళ్ళే సూసుకుంటరు," అని ఒకసారి పైకే అన్నాను. వాళ్ళెవరో, ఆ గొట్టాల్లో ఉన్నది ఎవరి చెట్టో ఆ నిమిషాన నాకు గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు అంటే ఇంకా నిజం.

కొడుకును చూడడానికి నాయన ఊరి నుంచి వచ్చాడు. సగం దూరం లారీలో, సగం దూరం నడిచి. దానం తల నిమిరి పక్కన కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"బాయికాడి చెట్టును గూడ కొట్టిచ్చిండు బిడ్డా పటేలు. తోట మొత్తం తీపిచ్చి జొన్న ఏస్తడట. నేను ఒద్దన్న. ఒక్క చెట్టు కోసం నాగలి మలుపుతరా అన్నడు."



"నీ తాన గొట్టంల ఉన్నది గద. గది సాలు," అన్నాడు నాయన. నన్ను ఓదార్చడానికే అన్నాడు.

నేను మేకు వైపు చూశాను. దానం నా చూపు పట్టుకున్నాడు. వాడికి అప్పటికే అంతా తెలుసు, ఒక్క గదిలో ఉండేవాళ్ళం గద. "పో అక్కా," అన్నాడు. "చెట్టుకు ముల్కీ సర్టిఫికెట్ అడుగుతమా?"

నేను లెక్కపెట్టుకున్నాను. ఇరవై రోజులు.

మూడు గొట్టాలు

బస్సులు లేవు. కొత్తపేట మీదుగా నడిచాను. దారిలో యాదయ్య ఇంటికి కబురు పెడితే, క్యాను పట్టుకొని అడ్డదారిన వచ్చి కలిశాడు. "గుడిల మంది తక్కువున్నరు. గీ కొద్ది నీళ్ళే దొరికినయి," అన్నాడు. ఇన్ని రోజులు ఎందుకు పోలేదని అడగలేదు. ఆయనా సమ్మెలోనే ఉన్నాడు, తాళంచెవి ఆయన దగ్గర లేదు.

తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. కరెంటు లేదు. తడికెలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. గొట్టాల్లో జెల్లీ ఎండి, అడుగున పెంకులా అంటుకుంది. దాని మీద ముద్దలు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. ఒక్కొక్కటే వెలుగుకు పెట్టి చూస్తూ పక్కన పెట్టాను. ఇది పోయింది, ఇది పోయింది. నాయన గొంతు చెవిలో వినిపిస్తోంది. ముప్పై ఏడు పోయాయి.

మూలన నీళ్ళ కుండ పక్కన, నేలకు ఆనుకొని ఉన్న అరలో మూడు గొట్టాలు మిగిలాయి. ముద్ద అంతా గోధుమరంగే. కానీ ఒక పక్క గోరంత మీగడ రంగు ఉంది.

కరెంటు లేనిదే ఆటోక్లేవ్ నడవదు. చిన్నచిన్న సామాన్లు ఉడికించడానికి ఒక పాత ప్రెషర్ కుక్కరు ఉండేది, కిరసనాయిలు స్టవ్వు ఉండేది. యాదయ్య స్టవ్వు పంపు కొట్టాడు. నేను కొబ్బరినీళ్ళు కాచి వడగట్టాను, జెల్లీ కలిపాను, గొట్టాలు నింపాను. కుక్కరులో ఆరేసి గొట్టాలే పడతాయి. బూజు పడితే మళ్ళీ మార్చుకోవడానికి ఎక్కువే ఉండాలని నాలుగు విడతలు పెట్టాం. అవి చల్లారాక పెట్టె తుడిచి కూర్చున్నాను.

"ఎస్తేరమ్మా," అన్నాడు యాదయ్య తలుపు బయటి నుంచి, "నీ దేవుణ్ణి నువ్వు తల్సుకో, నా దేవుణ్ణి నేను తల్సుకుంట. ఎవ్వల మాట ఇన్నా మంచిదే."

చచ్చిన భాగాన్ని గీసి పారేసి, బతికిన గోరంతను మాత్రం తీసి పెట్టాను. ఆ తర్వాత రోజూ నడిచి వెళ్ళాను. తడికెలు తడిపాను. పదమూడో రోజున ఒక గొట్టంలో ఆకుపచ్చ పొక్కు లేచింది. అప్పుడు కూర్చుని ఏడ్చాను.

సారు తిరిగి వచ్చిన రోజున తాళంచెవి కోసం ముందు మా గదికే వచ్చారు. తలుపు తీసింది దానం. కట్టు విప్పేశారు, కుట్ల గుర్తులు గొరిగిన తల మీద ఎర్రగా కనిపిస్తున్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"ఇంకా కళ్ళేమైనా తిరుగుతున్నాయా బాబూ?" అన్నారు సారు.

"తగ్గింది సార్. లోపటికి రాన్రి," అన్నాడు దానం.

ప్రయోగశాలలో ఆయన చచ్చిన గొట్టాలు ఒక్కొక్కటే ఎత్తి, వంచి, వెలుగుకు పెట్టి చూశారు. "ఏమైందమ్మా?" అని అడిగారు.

"కరెంటు లేకుండె సార్. ఎండలు బాగ గొట్టినయి," అన్నాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

ఆయన రిజిస్టరు తీసి రాసుకున్నారు. ఆయన వెళ్ళాక తీసి చదివాను. "ఎండ తీవ్రత, కరెంటు లేకపోవడం వల్ల నష్టం. ముందు ఏర్పాటు చేయకపోవడం నా తప్పు," అని ఉంది. కింద ఆయన సంతకం.

సారు చేసిన తప్పు

ఆ మూడు గొట్టాల నుంచి మరుసటి ఏడుకు వేళ్ళున్న మొక్కలు వచ్చాయి. వేలెడంత ఎత్తు, నాలుగైదు ఆకులు. సారు సంబరపడి పన్నెండింటిని జెల్లీ కడిగి, కుండీల్లో పెట్టి, ఎండలో వరసగా ఉంచారు. సాయంత్రానికి పన్నెండూ ఉడికిన ఆకుకూరలా వాలిపోయాయి.

"నేనే చంపానమ్మా," అన్నారు. ఆ రోజు కూనిరాగం లేదు.

యాదయ్య కుండీల ముందు గొంతుక్కూర్చున్నాడు. "బాలింత బిడ్డను నడెండల పండవెడ్తరా సార్? నీడల వెట్టి, మీద కుండ బోర్లియ్యున్రి. రోజింత తెరుసుకుంట పోవాలె."

అట్లాగే చేశాం. నీడలో పెట్టి, మీద తడి కుండ బోర్లించి, మొదట వేలెడు సందు, తర్వాత బెత్తెడు. మూడు వారాలకు కుండ తీసేశాం. ఈసారి ఎనిమిదింటిలో ఐదు నిలిచాయి. దీన్నే ఇప్పుడు హార్డెనింగ్ అంటారు, పెద్దపెద్ద షెడ్లు కట్టి చేస్తారు. గొట్టంలో మొక్కను పుట్టించడం గొప్ప కాదు, బయటి గాలికి అలవాటు చేయడం గొప్ప.

ఇప్పుడు ఈ విద్యతో అరటి పిలకలు లక్షల్లో వస్తున్నాయి. చెరుకు, పూలమొక్కలు, అడవిలో తగ్గిపోతున్న మందు మొక్కలు, అన్నీ చేస్తున్నారు. నాకు సంతోషమే. ఒక్కటి మాత్రం నిష్ఠూరంగా చెబుతాను. తల్లి చెట్టును చూడకుండా గొట్టంలో పెట్టేవాడికి ఈ పని రాదు. మంచి తల్లిని పెడితే మంచిది లక్ష అవుతుంది, చెడ్డ తల్లిని పెడితే చెడ్డది లక్ష అవుతుంది. మీరు ఏ కంపెనీలో చేరినా సరే, ఏడాదికి ఒక్కసారైనా తోటకు వెళ్ళి కావలి మనిషితో మాట్లాడండి.

ఐదు మొక్కల్లో రెండు మా నాయనకు ఇచ్చారు సారు. నాయన వాటిని మా గుడిసె వెనకాల పెట్టాడు. కాయ కాసేదాకా ఆయన ఉన్నాడు. తిన్నాడు కూడా. "గదే తోలు, గదే రసం," అన్నాడు.

విజయవాడ బస్సు

కాయ సంగతికి చాలా ముందే సారుకు కోస్తాకు బదిలీ అయింది. తానే అడిగి చేయించుకున్నారు. వెళ్ళే రోజు సామాను లారీలో పంపించి, ఎల్.బి. నగర్ దగ్గర రోడ్డు మీద విజయవాడ బస్సు కోసం నిలబడ్డారు. నేనూ యాదయ్యా వెళ్ళాం. యాదయ్య కళ్ళు తుడుచుకుంటూ సోడా తెస్తానని పక్కకు పోయాడు.

అప్పుడు చెప్పేశాను. ఇంకెప్పుడు చెబుతాను?

"సార్, ఆ ఎండకాలంల గొట్టాలు కరెంటుతోని పోలేదు. నేనే పోలేదు సార్. తాళంచెవి ఇంట్ల వెట్టుకొని ఇరవై రోజులు పోలేదు. తమ్ముడు లేసి కూసున్నంక గూడ పోలేదు."

"తెలుసమ్మా," అన్నారు.

"ఎట్ల తెలుసు సార్?"

"కరెంటు లేకపోయినా నువ్వు రోజూ తడికెలు తడిపి ఉంటే గదిలో చెమ్మ ఉండేది. జెల్లీ అట్లా పెంకు కట్టదు. మూడు వారాలు తలుపు తియ్యలేదని గొట్టం పట్టుకోగానే తెలిసిపోయింది."

"మరి రిజిస్టర్ల మీ తప్పని ఎందుకు రాసిన్రు?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. బస్సు దూరంగా కనిపిస్తోంది.

"గొట్టాల కంటే ముందు మీ తమ్ముడి తల చూశాను కదమ్మా. ఇంట్లో పిల్లాడి తల పగిలినప్పుడు తడికెలు తడపమని ఏ ముఖంతో అడగను? అంత కోపంలోనూ నువ్వు మళ్ళీ వెళ్ళి, ఆ గోరంత ముక్కల్ని వెతికి తీశావు. రాయాల్సింది అదీ. దానికి రిజిస్టర్లో గడి లేదు."

బస్సు ఆగింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. సోడా తెచ్చిన యాదయ్య సీసా కిటికీలోంచి అందించాడు. సారు సగం తాగి, సీసా వెనక్కి ఇచ్చి, చెయ్యి ఊపారు. నేను దండం పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆ గదికి నేనే పెద్దనయ్యాను. నా కింద పిల్లలు ఎన్నో గొట్టాలు పాడుచేశారు. నా కోపం సంగతి ముందే చెప్పాను, గట్టిగానే అరిచేదాన్ని. కానీ అరిచే ముందు ప్రతిసారీ ఒక్క మాట అడిగేదాన్ని: "ఇంట్ల అందరు మంచిగున్నరా బిడ్డా?"